రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం తెలిసినా ప్రయాణ సమయం లెక్కకు ఎందుకు రాదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి ఎంత దూరమో వెతికితే ఒక సైట్ 5,540 అంది, ఇంకొకటి 3,442 అంది, మూడోది 2,991 అంది. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందని విన్నారు కాబట్టి 5,540ని 900తో భాగించారు. ఆరు గంటల చిల్లర వచ్చింది. టికెట్ చూస్తే వెళ్లడానికి ఎనిమిది గంటలు, తిరిగి రావడానికి ఏడు గంటలు ఉంది. దిగాక ఇంకో ఫ్లైట్ అందుకోవాలి కాబట్టి మీకు టెన్షన్‌గా ఉంది. వీటిలో దేన్ని నమ్మాలి?

టికెట్ మీద ఉన్న సమయాన్నే నమ్మండి. ఆ మూడు దూరాలూ నిజమే. ఒకే దూరాన్ని మూడు కొలతల్లో చెప్పారు, అంతే. మీ భాగహారంలో కూడా తప్పు లేదు. కాకపోతే విమానం నేరుగా ఆ గీత మీదే, గాలి లేని ఆకాశంలో, మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా ఒకే వేగంతో పోతుందని అనుకున్నప్పుడు వచ్చే జవాబు అది. అలా పోయే విమానం లేదు. దూరం మారదు. సమయం మాత్రం ఏ దిక్కుకి వెళ్తున్నారు, ఏ నెలలో వెళ్తున్నారు, ఏ విమానాశ్రయంలో దిగుతున్నారు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఇవన్నీ కలుపుకుని, ఆ రూటులో నడిపిన పాత అనుభవంతో ఎయిర్‌లైన్ వేసిన అంకె టికెట్ మీద ఉంటుంది.

నేను ఫ్లైట్ డిస్పాచర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఎత్తులో వెళ్లాలి, ఎంత ఇంధనం నింపుకోవాలి అని ప్లాన్ తయారుచేసి, దానికి కెప్టెన్‌తో పాటు బాధ్యత తీసుకోవడం మా పని. మీరు అడిగిన ప్రశ్న మాకు రోజూ ఎదురయ్యేదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ మూడు అంకెల సంగతి. 5,540 కిలోమీటర్లు. 3,442 మామూలు మైళ్లు, అంటే ఒక్కోటి 1.609 కిలోమీటర్లు. 2,991 నాటికల్ మైళ్లు, ఒక్కోటి 1,852 మీటర్లు. విమానాల్లో, ఓడల్లో నాటికల్ మైలే వాడతాం. భూగోళం మీద అక్షాంశంలో ఒక నిమిషం జరిగితే దాదాపు ఒక నాటికల్ మైలు అవుతుంది కాబట్టి మ్యాపు మీద కొలవడానికి సుళువు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని నాట్ అంటారు. సైట్ యూనిట్ రాయకుండా ఉత్త అంకె ఇస్తే ముందు అనుమానించాల్సింది ఇదే.

యూనిట్ ఒకటే అయినా రెండు సైట్లలో పది, ఇరవై కిలోమీటర్ల తేడా కనిపించవచ్చు. భూమిని గుండ్రటి బంతి అనుకుని, 6,371 కిలోమీటర్ల సగటు వ్యాసార్ధంతో లెక్క కడితే ఒకటి వస్తుంది. ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయిన అసలు ఆకారంతో లెక్క కడితే ఇంకొకటి వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ రెండు పద్ధతుల మధ్య తేడా ఎక్కువలో ఎక్కువ అర శాతం ఉంటుంది. ప్రయాణికుడిగా మీరు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది ఆ అంకె ఏ ఎయిర్‌పోర్టుదన్నది. కొన్ని సైట్లు ఊరి మధ్య నుంచి ఊరి మధ్యకి కొలుస్తాయి. టోక్యోకి నరీటా ఉంది, హనేడా ఉంది. నరీటా నగరం మధ్య నుంచి 60 కిలోమీటర్ల అవతల ఉంటుంది. పారిస్ పేరుతో టికెట్లు అమ్మే బోవే విమానాశ్రయం పారిస్ నుంచి 80 కిలోమీటర్ల పైనే. గాలిలో ఈ తేడా నాలుగైదు నిమిషాలు. నేల మీద గంటకు పైగా పోతుంది. ఊరి పేరు కాకుండా మూడక్షరాల ఎయిర్‌పోర్టు కోడ్ కొట్టి వెతకండి.

ఈ సైట్లు ఇచ్చే దూరాన్ని గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. గోళం మీద రెండు చోట్ల మధ్య అన్నిటికంటే దగ్గరి దారి అది. గోడకు వేలాడే మ్యాపులో ఇది వంపుగా కనిపించేసరికి చాలామంది విమానం చుట్టూ తిరిగి పోతోందని అనుకుంటారు. నిజానికి వంపు మ్యాపుది. మాడ్రిడ్, న్యూయార్క్ రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, 40 డిగ్రీల దగ్గర ఉన్నాయి. మ్యాపులో స్కేలు పెట్టి గీస్తే నేరుగా పడమరకు పోవాలి. అలా అక్షాంశం వెంబడే పోతే సుమారు 5,930 కిలోమీటర్లు. గ్రేట్ సర్కిల్ మీద పోతే దారి మధ్యలో 46 డిగ్రీల దాకా ఉత్తరానికి ఎక్కి దిగుతుంది, కానీ దూరం 5,770 మాత్రమే. ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, వెంటనే అర్థమవుతుంది. దుబాయ్ నుంచి లాస్ ఏంజిలస్‌కి అలా దారం పట్టుకుంటే అది ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది.

అయితే ఆ దారం మీదే విమానాన్ని పంపే వీలు మాకు అరుదుగా దొరుకుతుంది. ఎక్కే ఎయిర్‌పోర్టు దగ్గర బయటికి వచ్చే దారులు, దిగే ఎయిర్‌పోర్టు దగ్గర లోపలికి వెళ్లే దారులు ముందే గీసి ఉంటాయి. రన్‌వే ఎటు వాడుతున్నారన్నది ఆ రోజు గాలిని బట్టి ఉంటుంది. మీరు పడమరకు వెళ్లాల్సి ఉన్నా విమానం తూర్పు ముఖంగా లేచి చుట్టు తిరిగి రావచ్చు. మధ్యలో సైన్యాల గగనతలాలు ఉంటాయి, పెద్ద పెద్ద ఉరుముల మేఘాలు ఉంటాయి. మామూలు రోజున ఇవన్నీ కలిపి దూరానికి కొద్ది శాతమే చేరుస్తాయి.

పెద్ద తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి. ఒకటి మూసేసిన గగనతలం. 2022లో రష్యా గగనతలం యూరప్ ఎయిర్‌లైన్లకు మూతపడినప్పుడు హెల్సింకి నుంచి టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి 13 గంటల దాకా పెరిగింది. ఆ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఇప్పటికీ ఏ సైట్‌లో కొట్టినా సుమారు 7,800 కిలోమీటర్లే చూపిస్తుంది. విమానం మాత్రం ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణాన మధ్య ఆసియా మీదుగానో తిరిగి పోవాల్సి వచ్చింది. 2019లో ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్య దాకా పాకిస్తాన్ గగనతలం మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమరకు పోయే విమానాలన్నీ దక్షిణానికి దిగి తిరిగాయి. దూరం చెప్పే సైట్‌కి సరిహద్దులు తెలియవు.

రెండోది నేల. టిబెట్ పీఠభూమి మీదుగా దారి దగ్గరైనా చాలా విమానాలు దాన్ని తప్పించుకుని పోతాయి. క్యాబిన్‌లో గాలి పీడనం పోతే విమానం గబగబా 10,000 అడుగుల ఎత్తుకు దిగాలి. ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో 12 నుంచి 20 నిమిషాలకే సరిపోతుంది. అక్కడ నేలే 14,000, 15,000 అడుగుల ఎత్తున ఉంటే దిగేది ఎక్కడికి? మూడోది ఈటాప్స్ నియమం. రెండు ఇంజన్ల విమానంలో ఒక ఇంజన్ ఆగిపోతే, మిగిలినదానితో నిర్ణీత సమయంలో చేరుకోగల ఎయిర్‌పోర్టు దారి పొడవునా అందుబాటులో ఉండాలి. ఒకప్పుడు ఆ హద్దు 60 నిమిషాలే. 1985లో 120కి, 1988లో 180కి పెంచారు. ఇప్పుడు బోయింగ్ 787కి 330 నిమిషాల దాకా, ఎయిర్‌బస్ ఏ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. మహాసముద్రాల మీద దారులు నేరుగా మారడానికి ఇదొక పెద్ద కారణం.

ఇక గాలి. మీ టికెట్‌లో వెళ్లడానికి ఎనిమిది, రావడానికి ఏడు ఉండటానికి అసలు కారణం ఇదే. నా పనిలో ఎక్కువ ఆలోచన ఖర్చయ్యేది కూడా దీని మీదే.

గంటకు 900 కిలోమీటర్లు అన్నది విమానం తన చుట్టూ ఉన్న గాలిలో పోయే వేగం. నేల మీద లెక్కేస్తే వచ్చే వేగం వేరు. పెద్ద విమానాలు ధ్వని వేగంలో 0.85 వంతు, ఏ320, 737 లాంటివి 0.78 వంతు దగ్గర పోతాయి. 36,000 అడుగుల ఎత్తున ఉష్ణోగ్రత సున్నాకు 56 డిగ్రీల దిగువన ఉంటుంది. ఆ చలిలో ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లు. కాబట్టి పెద్ద విమానానికి 900, చిన్నదానికి 830 వస్తాయి. ఇప్పుడా గాలే కదులుతుంటే? ఏటి వాలుకు పోయే పడవకూ ఎదురెక్కే పడవకూ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. ఉత్తరార్ధగోళంలో మధ్య అక్షాంశాల మీద, విమానాలు ఎగిరే ఎత్తులోనే పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ధార ఉంటుంది. చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే, కొన్ని రోజుల్లో 300 కూడా దాటుతుంది. లండన్ నుంచి న్యూయార్క్ పోయేవాళ్లకు అది ఎదురుగాలి. తిరిగి వచ్చేవాళ్లకు వెనుక నుంచి తోసే గాలి.

దీని బలం తెలియాలంటే 2020 ఫిబ్రవరి సంగతి చెప్పాలి. సియారా తుఫాను రోజుల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేల మీద దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగాన్ని దాటిందా అని అప్పుడు చాలామంది అడిగారు. లేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది తన మామూలు వేగంతోనే పోతోంది, ఆ గాలే మోసుకుని తెచ్చింది. అదే గాలికి ఎదురు వెళ్లిన విమానాల పరిస్థితి వేరేగా ఉంటుంది. 2011-12 చలికాలంలో యూరప్ నుంచి అమెరికాకు నడిచిన బోయింగ్ 757లు కొన్ని ఎదురుగాలి తట్టుకోలేక ఇంధనం కోసం కెనడాలోని గాండర్ లాంటి చోట్ల మధ్యలో దిగాల్సి వచ్చింది.

చాలామంది ఇక్కడ ఒకటి అనుకుంటారు: పోయేటప్పుడు పోగొట్టుకున్న టైమ్ వచ్చేటప్పుడు గాలే తిరిగి ఇచ్చేస్తుంది, మొత్తం మీద లెక్క సరిపోతుంది అని. సరిపోదు. మీ 5,540 కిలోమీటర్లే తీసుకోండి. గాలి లేకపోతే గంటకు 900 చొప్పున ఒక్కో వైపు 6 గంటల 9 నిమిషాలు, రానూ పోనూ 12 గంటల 18 నిమిషాల చిల్లర. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉంటే పోయేటప్పుడు నేల మీద వేగం 800, అంటే 6 గంటల 56 నిమిషాలు. వచ్చేటప్పుడు 1,000, అంటే 5 గంటల 32 నిమిషాలు. కలిపితే 12 గంటల 28. పోయేటప్పుడు 47 నిమిషాలు పోయాయి, వచ్చేటప్పుడు 37 నిమిషాలే తిరిగొచ్చాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి రానూ పోనూ కలిపి చూస్తే గాలి ఎప్పుడూ కొంత సమయం మింగేస్తుంది.

అందుకే మేము దగ్గరి దారి కంటే తక్కువ సమయం పట్టే దారినే వెతుకుతాం. ఉత్తర అట్లాంటిక్ మీద ఇది రోజూ జరుగుతుంది. అక్కడి దారులు శాశ్వతంగా గీసినవి కావు. ఆ రోజు జెట్ స్ట్రీమ్ ఎక్కడుందో చూసి, పగటిపూట పడమరకు పోయే ట్రాకులను యూరప్ వైపున్న షాన్‌విక్ విమాన నియంత్రణ కేంద్రం, రాత్రిపూట తూర్పుకు వచ్చే ట్రాకులను కెనడా వైపున్న గాండర్ కేంద్రం ప్రకటిస్తాయి. తూర్పుకు వచ్చేవాళ్లను గాలి ధారలోకి పంపుతారు, పడమరకు పోయేవాళ్లను దానికి దూరంగా, కొన్నిసార్లు గ్రీన్‌లాండ్ దాకా ఉత్తరానికి పంపుతారు. చలికాలంలో పడమర ఫ్లైట్‌కి నేను వేసిన ప్లాన్లలో గ్రేట్ సర్కిల్ కంటే వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగేవి చాలానే ఉన్నాయి. విమానంలో తెర మీద మ్యాపు చూస్తున్న ప్రయాణికుడికి అది వృథా తిరుగుడులా కనిపిస్తుంది. ఆ తిరుగుడు వల్లే వాళ్లు ముందుగా దిగుతారు, ఇంధనం కూడా మిగులుతుంది.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో. ఎయిర్ ఇండియా మొదట్లో అట్లాంటిక్ మీదుగా, సుమారు 13,900 కిలోమీటర్లు పోయేది. 2016 అక్టోబర్‌లో తూర్పుకు తిరిగి పసిఫిక్ మీదుగా పోవడం మొదలుపెట్టింది. దూరం సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగింది, సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగినా ముందుగా చేరడం అంటే ఇదే. జెట్ స్ట్రీమ్ వెనుక నుంచి తోసింది కాబట్టి సాధ్యమైంది. దూరం చూసి సమయం ఊహించేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇది.

ఈ సందర్భంలోనే తరచూ వచ్చే ఒక సందేహం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా, అయితే పడమరకు పోయే విమానానికి గమ్యమే ఎదురొచ్చి త్వరగా చేరాలి కదా అని. అలా జరగదు. భూమితో పాటు వాతావరణం కూడా తిరుగుతుంది, నేల మీద ఆగి ఉన్నప్పుడే విమానానికీ ఆ వేగం ఉంటుంది. లేచాక ఆ వేగం ఎక్కడికీ పోదు. భూభ్రమణం ప్రయాణ సమయాన్ని మార్చేది నేరుగా కాదు, గాలుల ద్వారా. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు కదిలే గాలిని పక్కకు మళ్లించి జెట్ స్ట్రీమ్‌ను తూర్పు ముఖంగా నడిపేది ఆ భ్రమణమే. ఫలితం జనం ఊహించేదానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది: తూర్పు ప్రయాణమే త్వరగా ముగుస్తుంది.

ఇప్పుడు టికెట్ మీది అంకె దగ్గరికి వద్దాం. ఆ సమయాన్ని మేము బ్లాక్ టైమ్ అంటాం. గేటు దగ్గర చక్రాల కింద అడ్డు తీసి విమానం కదిలినప్పటి నుంచి, అవతలి గేటు దగ్గర ఆగేదాకా. గాలిలో ఉండే సమయం అందులో ఒక భాగం మాత్రమే. మా రికార్డుల్లో ప్రతి ఫ్లైట్‌కి నాలుగు సమయాలు ఉంటాయి: గేటు వదిలింది, నేల వదిలింది, నేల తాకింది, గేటు చేరింది. మొదటి రెండిటి మధ్య, చివరి రెండిటి మధ్య పోయే సమయం ఎయిర్‌పోర్టును బట్టి చాలా మారుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పోల్డర్‌బాన్ అనే రన్‌వే టెర్మినల్‌కి ఎంత దూరమంటే, దాని మీద దిగాక గేటుకి పోవడానికి పావుగంట దాకా పట్టవచ్చు. హీత్రో మీద రద్దీ వేళల్లో దిగే విమానాలు నాలుగు చోట్ల గాలిలోనే చుట్లు కొడుతూ వంతు కోసం ఆగుతాయి. చిన్న ఎయిర్‌పోర్టులో ఈ బాధ ఉండదు.

ఎక్కడం, దిగడం కూడా నిదానంగానే జరుగుతాయి. చాలా దేశాల్లో 10,000 అడుగుల లోపల 250 నాట్లకు, అంటే గంటకు 463 కిలోమీటర్లకు మించి పోకూడదు. 35,000 అడుగుల ఎత్తు అందుకోవడానికి మామూలుగా 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. దిగేటప్పుడు ఎత్తులో వేల అడుగుల అంకెను మూడుతో గుణించి అన్ని నాటికల్ మైళ్ల ముందు దిగడం మొదలుపెట్టాలని పైలట్లు ఒక మోటు లెక్క వాడతారు. 35 మూళ్లు 105, అంటే దాదాపు 195 కిలోమీటర్లు. దీంతో దగ్గరి ప్రయాణాల్లో విమానం పూర్తి వేగం అందుకునేది కాసేపే. హీత్రో నుంచి పారిస్ చార్ల్స్ డి గాల్‌కి దూరం 350 కిలోమీటర్లు కూడా లేదు. భాగిస్తే 23 నిమిషాలు రావాలి. గాలిలో ఉండేది ముప్పావు గంట దాకా, టికెట్ మీద గంటంపావు పైనే ఉంటుంది. ప్రయాణం ఎంత చిన్నదైతే దూరం లెక్క అంత ఎక్కువగా తప్పుతుంది.

పైగా ఎయిర్‌లైన్లు బ్లాక్ టైమ్‌లో కొంత అదనం కలుపుతాయి. గేటుకి షెడ్యూల్ కంటే 15 నిమిషాల లోపు ఆలస్యంతో చేరితే దాన్ని సమయానికి వచ్చినట్టే లెక్కిస్తారు. ఆ లెక్కలో మంచి పేరు ఉండాలని, కనెక్షన్లు తప్పకూడదని, పాత సీజన్లలో ఆ రూటు ఎలా నడిచిందో చూసి సమయం వేస్తారు. అందుకే ఒక్కోసారి అరగంట ఆలస్యంగా బయలుదేరినా సమయానికే దిగుతారు. ఇది మోసం అని కొందరు కోపగించుకుంటారు. నా ఉద్దేశంలో కాదు. ఎదురుగాలి గట్టిగా ఉన్న రోజూ, రన్‌వే దగ్గర క్యూ ఉన్న రోజూ మీరు అవతల విమానం అందుకోవాలంటే ఆ అదనం ఉండి తీరాలి. ఒకే రూటుకి వేసవి షెడ్యూల్‌లో ఒక సమయం, చలికాలం షెడ్యూల్‌లో ఇంకో సమయం కనిపించడం కూడా ఇందువల్లే.

టికెట్ ఇంకా కొనకుండా, ఉజ్జాయింపుగా తెలుసుకోవాలంటే నేను చెప్పే పద్ధతి ఒకటుంది. కిలోమీటర్లను 850తో భాగించి, 40 నిమిషాలు కలపండి. సిడ్నీ - మెల్‌బోర్న్ 706 కిలోమీటర్లు: 50 నిమిషాలు, 40 కలిపితే గంటన్నర. షెడ్యూల్ గంటా 35 నిమిషాల దగ్గర ఉంటుంది. సింగపూర్ - న్యూయార్క్ సుమారు 15,340: 18 గంటలు, 40 నిమిషాలు. షెడ్యూల్ కూడా ఆ చుట్టుపక్కలే. మీ 5,540కి 7 గంటల 10 నిమిషాలు వస్తుంది. మధ్య అక్షాంశాల్లో పడమరకు దూర ప్రయాణమైతే వచ్చిన సమయానికి పదో వంతు దాకా కలపండి, తూర్పు ప్రయాణమైతే కొంచెం తగ్గించండి. ఉత్తర దక్షిణాలుగా పోయేటప్పుడు, భూమధ్యరేఖ దగ్గర పోయేటప్పుడు ఈ సవరణ పెద్దగా అక్కర్లేదు. బాగా రద్దీ ఉండే ఎయిర్‌పోర్టులకు ఇంకో పావుగంట. ఏటీఆర్ లాంటి ఫ్యాన్ రెక్కల విమానమైతే వేగం గంటకు 500 దగ్గరే కాబట్టి 850కి బదులు 450తో భాగించండి. గగనతలం మూతపడ్డ దారుల్లో మాత్రం ఈ లెక్క పనికిరాదు, అక్కడ ప్రస్తుత షెడ్యూలే చూడాలి.

టికెట్ చదివేటప్పుడు జనం ఎక్కువగా తడబడేది గడియారం దగ్గర. బయలుదేరే సమయం ఆ ఊరిది, దిగే సమయం ఈ ఊరిది. లండన్‌లో ఉదయం 11కి ఎక్కి న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2కి దిగితే మూడు గంటల ప్రయాణం కాదు, ఐదు గంటల తేడా కలిపితే ఎనిమిది. తేదీ రేఖ దాటితే మరీ వింతగా ఉంటుంది. టోక్యోలో రాత్రి 9కి ఎక్కి ఏడు గంటలు ప్రయాణించినవాళ్లు హొనొలులులో అదే తేదీ ఉదయం 9కి దిగుతారు. ఈ గందరగోళం వద్దనే మేము లోపల అన్నీ యూటీసీలోనే, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోనే రాస్తాం. మీరూ రెండు సమయాలనూ యూటీసీకి మార్చి తీసివేస్తే ఎప్పుడూ తప్పు రాదు. డైరెక్ట్ ఫ్లైట్ అన్న మాట చూసి మధ్యలో ఆగదనుకోకండి. ఒకే నంబరుతో నడుస్తూ దారిలో దిగి లేచేది కూడా డైరెక్టే. ఎక్కడా ఆగకూడదంటే నాన్‌స్టాప్ అని ఉండాలి. మొత్తం ప్రయాణ సమయం అని చూపించే అంకెలో మధ్యలో ఎయిర్‌పోర్టులో కూర్చునే గంటలు కూడా కలిసి ఉంటాయి.

మీ కనెక్షన్ విషయం. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద, ఒకే బుకింగ్ నంబరుతో ఉంటే పెద్దగా భయపడకండి. ప్రతి ఎయిర్‌పోర్టుకీ మినిమమ్ కనెక్షన్ టైమ్ అని ఒకటి నిర్ణయించి ఉంటుంది, దానికి తక్కువగా సిస్టమ్ టికెట్ ఇవ్వదు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి ఫ్లైట్‌లో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడివిడిగా కొన్న టికెట్లయితే ఆ రక్షణ ఉండదు. అమెరికాలో దిగేవాళ్లు ముందుకు పోతున్నా సరే మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ దాటి, సాధారణంగా బ్యాగు తీసుకుని కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, సెక్యూరిటీ చెక్‌కి వెళ్లాలి. విడి టికెట్లతో జేఎఫ్‌కేలో మారేవాళ్లకు నేను నాలుగు గంటలకు తక్కువ వద్దంటాను. చలికాలంలో పడమరకు వస్తున్నారు కాబట్టి ఐదున్నా ఎక్కువ కాదు. మా కంట్రోల్ రూమ్‌లో ఎదురుగాలి వల్ల ముప్పావు గంట ఆలస్యమవుతున్న ఫ్లైట్ కనిపిస్తే, అందులో కనెక్షన్ ఉన్నవాళ్ల జాబితా ముందుగా తెప్పించుకుంటాం. ఆ జాబితాలో విడి టికెట్ల మీద ప్రయాణించేవాళ్లు మాకు కనిపించరు. వాళ్ల కోసం తలుపు దగ్గర ఎవరూ ఎదురుచూడరు. అది తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మార్చిలో గానీ, అక్టోబర్ - నవంబర్ సంధిలో గానీ వెళ్తుంటే ఇంకొకటి చూసుకోండి. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం. ఆ మధ్య వారాల్లో లండన్, న్యూయార్క్‌ల తేడా ఐదు గంటలు కాదు, నాలుగే. వెనక్కి జరిపేటప్పుడు బ్రిటన్ అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికా నవంబర్ మొదటి ఆదివారం పాటిస్తాయి కాబట్టి అప్పుడూ ఒక వారం అదే పరిస్థితి. రెండో టికెట్ విడిగా కొన్నట్టయితే, రెండు ఫ్లైట్ల సమయాలనూ ఆ తేదీకి సరిచూసుకుని, బయలుదేరే ముందు రోజు ఎయిర్‌లైన్ యాప్‌లో మళ్లీ ఒకసారి చూడండి.